రాయని రాతకు రసీదులా?

నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్కు సెకనుకు తిరిగేది 120 చుట్లు. ఒక్కో చుట్టుకు ఎనిమిది మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది. డేటాబేస్ ఒక లావాదేవీని లాగ్ ఫైలు చివర రాసి, అది డిస్కు పళ్లెం మీదికి చేరేదాకా ఆగి, అప్పుడు రెండోది మొదలుపెడితే, ఒకే క్లయింటుకు సెకనుకు 120కి మించి లావాదేవీలు ముగించడం ఆ డిస్కుకు సాధ్యం కాదు. లాగ్‌లో తర్వాత రాయాల్సిన చోటు మళ్లీ హెడ్ కిందికి రావాలంటే చుట్టు పూర్తి కావాల్సిందే. అయినా ఇలాంటి మామూలు సాటా డిస్కు ఒక్కటే బిగించిన సర్వర్లు, ఒకే క్లయింటుతో పరీక్షించినా సెకనుకు వేలల్లో కమిట్లు, అంటే ముగిసిన లావాదేవీలు, అయ్యాయని చూపిస్తుంటాయి. ఆ అంకె చూసి మురిసిపోయే సిస్టమ్ అడ్మిన్లు ఉన్నారు. దాన్నే కొటేషన్లో చూపించి సరుకు అమ్మేవారూ ఉన్నారు. ఆ అంకెకు అర్థం ఒక్కటే. డిస్కో, దానికీ డేటాబేస్‌కూ మధ్యనున్న మరేదో రాయకుండానే రాశానంటోంది.

డిస్కుకు అతికించిన సర్క్యూట్ బోర్డు మీద ఓ మెమరీ చిప్పు ఉంటుంది. ఒకప్పుడు 8 ఎంబీ ఉండేది, ఇప్పుడు 256 ఎంబీ ఉన్నవీ మామూలే. రాయమని వచ్చిన డేటాను డిస్కు ముందు అందులో పెట్టుకుంటుంది. రాసేశానని కంప్యూటరుకు వెంటనే జవాబిస్తుంది. ఆ తర్వాత తీరిక చూసుకుని, హెడ్‌కు ఏ చోటు దగ్గరగా ఉందో చూసుకుని, తనకు వీలైన వరుసలో పళ్లెం మీదికి ఎక్కిస్తుంది. దీన్నే రైట్ క్యాష్ అంటారు. సినిమా కాపీ చేసుకునేటప్పుడో, పెళ్లి ఫొటోలు ఎక్కించుకునేటప్పుడో ఈ ఏర్పాటు మేలే చేస్తుంది. ఇళ్లలో వాడే సాటా డిస్కుల్లో సాధారణంగా ఇది ఆన్ చేసే వస్తుంది. చిక్కంతా కరెంటుతోనే. అది పోయిన క్షణంలో చిప్పులో ఉన్నదంతా పోతుంది. అంతకుముందే ఇచ్చేసిన జవాబు మాత్రం వెనక్కి రాదు. సొమ్ము ఇంకా బల్ల మీదే ఉండగా ఇనప్పెట్టెలో వేసేశానని రసీదు రాసిచ్చే గుమాస్తాను ఏ షావుకారూ ఒక్కరోజు కొలువులో ఉంచుకోడు. అదే పని చేసే డిస్కుకు మాత్రం జీతాలు, అప్పులు, మందుల చీటీలు, భూముల పట్టికలు అప్పగిస్తున్నాం.

కమిట్ అయిందని చెప్పాక ఆ లావాదేవీ పోకూడదు. డేటాబేస్ అనే యంత్రాంగమంతా నిలబడింది ఈ ఒక్క మాట మీద. 1983లో థియో హార్డర్, ఆండ్రియాస్ రాయిటర్ అనే శాస్త్రవేత్తలు లావాదేవీకి ఉండాల్సిన నాలుగు గుణాలను యాసిడ్ అన్న పేరు కింద చేర్చినప్పుడు నాలుగోది ఇదే. మద్రాసు ఐఐటీలో చదివిన సి.మోహన్ ఐబీఎంలోని సహచరులతో కలిసి 1992లో ప్రచురించిన ఏరీస్ పద్ధతి, ఆ మాటను నిలబెట్టుకునే దారిని పూర్తి స్థాయిలో చూపించింది. ఏ మార్పు అయినా ముందు లాగ్‌లో పడాలి. ఆ లాగ్ డిస్కుకు చేరాకే అసలు పట్టికలోని పేజీ డిస్కు మీద మారాలి. మధ్యలో యంత్రం కూలినా, లేచాక లాగ్ చదివి సగంలో ఆగినదాన్ని వెనక్కి తీసుకోవచ్చు, పూర్తయినదాన్ని తిరిగి అమలు చేయవచ్చు. నేటి పెద్ద డేటాబేస్‌లలో చాలావరకు ఏదో ఒక రూపంలో నడుస్తున్నది ‘ముందు లాగ్’ అన్న ఈ నియమం మీదే.

ఇక్కడ ఒక అపోహను గట్టిగా ఖండించాలి. ‘క్యాష్ వల్ల పోతే చివరి సెకను పని పోతుంది, మళ్లీ ఎక్కించుకుంటే సరి’ అని చెప్పి చేతులు దులుపుకొనేవారు కోకొల్లలు. పోయేది చివరి సెకను ఒక్కటే అయితే ఈ సంపాదకీయం అవసరం ఉండేది కాదు. డిస్కు తన క్యాష్‌లోని రాతలను వచ్చిన వరుసలో రాయదు, తనకు దగ్గరి దారి చూసుకుని రాస్తుంది. డేటాబేస్ ముందు పంపిన లాగ్ ఇంకా చిప్పులోనే ఉండగా, తర్వాత పంపిన పట్టిక పేజీ పళ్లెం మీదికి చేరిపోవచ్చు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయిందనుకుందాం. ఒక ఖాతాలోంచి పదివేలు తగ్గిన పేజీ డిస్కు మీద ఉంది. రెండో ఖాతాలో పదివేలు పెరిగిన పేజీ లేదు. ఈ మార్పు జరిగినట్టు చెప్పాల్సిన లాగ్ కూడా లేదు. యంత్రం మళ్లీ లేచినప్పుడు డేటాబేస్ లాగ్ చదువుతుంది, సరిచేయాల్సింది ఏమీ కనిపించదు, అంతా సవ్యంగా ఉందనుకుని తలుపులు తెరుస్తుంది. పదివేలు గాలిలో కలిసిపోయాయి. ఇండెక్సు అసలు లేని వరుసను ఉన్నట్టు చూపిస్తుంది. ఉన్న వరుస వెతికితే దొరకదు. ఇవి ఆ రాత్రే బయటపడితే అదృష్టం. సాధారణంగా నెలలు గడిచాక, ఏ సంవత్సరాంతపు ఆడిట్‌లోనో, రోగి పాత రిపోర్టు అడిగినప్పుడో పైకి తేలతాయి. అప్పటికి రోజూ తీసిన బ్యాకప్‌లన్నింట్లోనూ ఆ చెడిపోయిన పేజీయే చేరి ఉంటుంది.

లాగ్‌ను కావాలనే కొద్దిసేపు ఆలస్యంగా డిస్కుకు పంపడం వేరే సంగతి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో సింక్రనస్ కమిట్‌ను ఆపేస్తే కరెంటు పోయినప్పుడు చివరి కొన్ని లావాదేవీలు పోతాయి. అయితే మిగిలిన డేటాబేస్ చెక్కుచెదరదు, ఎందుకంటే లాగ్ ముందు, పేజీ తర్వాత అన్న వరుస తప్పలేదు. అదే పోస్ట్‌గ్రెస్‌లో, రాతను డిస్కుకు చేర్చమని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగే ఎఫ్‌సింక్‌ను ఆపేస్తే ఆ వరుసకే పూచీ లేదు, మొత్తం డేటాబేస్ పనికిరాకుండా పోవచ్చు. మొదటిది లెక్క తెలిసిన నష్టం, రెండోది అంతు తెలియని వినాశనం. ఈ రెండింటినీ వేగం పెంచే చిట్కాలంటూ ఒకే జాబితాలో రాసి పంచేవారు నేరంలో భాగస్వాములే. ఖాళీ చేయమనే ఫ్లష్ ఆదేశాన్ని లెక్కచేయని రైట్ క్యాష్ చేసేది రెండో రకం నష్టం. అదీ ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా.

నిజానికి క్యాష్‌ను ఖాళీ చేయించే ఆదేశం ప్రమాణాల్లోనే ఉంది. ఏటీఏ డిస్కులకు ఫ్లష్ క్యాష్ అనీ, స్కజీ డిస్కులకు సింక్రనైజ్ క్యాష్ అనీ దాన్ని పిలుస్తారు. డేటాబేస్ ఎఫ్‌సింక్ అడిగితే ఆపరేటింగ్ సిస్టమ్ ఈ ఆదేశాన్ని డిస్కుకు పంపాలి, డిస్కు చిప్పులోదంతా పళ్లెం మీదికి దించాకే జవాబివ్వాలి. ఈ గొలుసులోని ప్రతి లంకె నమ్మకంగా పనిచేస్తే రైట్ క్యాష్ ఆన్‌లో ఉన్నా భయం లేదు. కాబట్టి మా అభియోగం క్యాష్ మీద కాదు, అబద్ధపు జవాబు మీద. ఆ అబద్ధం ఎక్కడెక్కడ పుడుతుందో చూస్తే వెన్ను జలదరిస్తుంది. యాపిల్ మ్యాక్‌లలో ఎఫ్‌సింక్ అడిగితే డేటా డిస్కు దాకా వెళ్తుంది గానీ డిస్కు క్యాష్ ఖాళీ కాదు. అందుకు ఎఫ్ ఫుల్ ఎఫ్‌సింక్ అనే వేరే పిలుపు వాడాలని దాని సహాయ పత్రంలోనే రాసి పెట్టారు. వర్చువల్ యంత్రాలను నడిపే వర్చువల్‌బాక్స్ తన లోపల నడిచే యంత్రం ఫ్లష్ అడిగితే వేగం కోసం మామూలుగా పట్టించుకోదని దాని మాన్యువల్‌లోనే ఉంది. అలాంటిదే అయిన క్యూఈఎంయూలో అన్‌సేఫ్ అనే క్యాష్ పద్ధతి ఉంది, కనీసం దాని పేరులోనే హెచ్చరిక ఉంది. విండోస్‌లో డిస్కు పాలసీల పేజీ తెరిస్తే క్యాష్ ఫ్లషింగ్‌ను ఆపే టిక్కు కనిపిస్తుంది. డిస్కుకు వేరే విద్యుత్ సరఫరా లేకపోతే దాన్ని పెట్టొద్దని పక్కనే రాసి ఉన్నా, ‘ఫాస్ట్ అవుతుంది’ అన్న ఒక్క మాటకు పెట్టేస్తున్నారు. లినక్స్‌లోనూ రాతల వరుసను కాపాడే బారియర్లను ఆపేసి మౌంట్ చేయమన్న సలహా ఏళ్ల తరబడి చేతులు మారింది. ఎవరికి వారు నాలుగు మిల్లీసెకన్లు మిగిల్చామనుకున్నారు. డేటా యజమానికి మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

ఇదంతా ఊహ అనుకునేవారు 2005 జనవరిని గుర్తు చేసుకోవాలి. అమెరికాలోని సియాటిల్‌లో లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సేవ సర్వర్లు ఉన్న డేటా సెంటర్‌కు మొత్తం కరెంటు పోయింది. జనరేటర్లు, బ్యాటరీలు అన్నీ ఉన్న చోటే. లక్షల మంది వాడే ఆ సేవ ఒక రోజుకు పైగా మూతపడింది. యంత్రాలు లేవడానికి అంతసేపు పట్టలేదు. లేచిన డేటాబేస్‌లలో ఏది నిజమో ఏది చెడిందో తేల్చుకోవడానికే పట్టింది. లైవ్‌జర్నల్‌ను స్థాపించిన బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ ఆ ఏడాదే ఒక చిన్న పరీక్షా ప్రోగ్రాం రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఒక యంత్రం డిస్కు మీద రాస్తూ, ప్రతి రాతకూ ఎఫ్‌సింక్ పూర్తయ్యాక ఆ సంగతి నెట్‌వర్క్ మీద రెండో యంత్రానికి చెబుతుంది. రెండోది సాక్షిగా రాసుకుంటుంది. మధ్యలో మొదటి యంత్రం ప్లగ్గు పీకుతారు. తిరిగి వెలిగించాక, సాక్షి చెప్పిన రాతలన్నీ డిస్కు మీద ఉన్నాయో లేవో చూస్తారు. ఒక్కటి లేకపోయినా ఆ డిస్కో, గొలుసులోని మరో లంకో అబద్ధమాడినట్టే. డిస్క్‌చెకర్ అనే ఈ పరీక్షకు రెండు కంప్యూటర్లు, ఓ ప్లగ్గు, అరగంట సమయం చాలు. అది వచ్చి 20 ఏళ్లు దాటింది. కొనే సర్వర్ మీద దీన్ని నడిపించాకే బిల్లు పాస్ చేయాలన్న నిబంధన ఎన్ని కార్యాలయాల్లో ఉందో ఆయా అధికారులు గుండె మీద చేయి వేసుకుని చెప్పాలి.

తిరిగే పళ్లేలు పోయి ఎస్‌ఎస్‌డీలు వచ్చాయి కాబట్టి ఈ గొడవ తీరిందని సరిపెట్టుకోవడానికి లేదు. వాటిలో ప్రమాదం ఇంకా లోతైనది. ఏ డేటా ఏ చిప్పులో ఉందో చెప్పే చిట్టా కూడా ఎస్‌ఎస్‌డీలో తాత్కాలిక మెమరీలోనే తిరుగుతూ ఉంటుంది. అది పోతే కొత్త రాతలతో పాటు ఎప్పుడో భద్రంగా రాసినవీ దొరక్కుండా పోతాయి. 2013లో డేటా నిల్వ పరిశోధనలపై జరిగిన ఫాస్ట్ సదస్సులో ఒహాయో స్టేట్ వర్సిటీ, హెచ్‌పీ ల్యాబ్స్ పరిశోధకులు 15 ఎస్‌ఎస్‌డీలకు పదే పదే కరెంటు తీసి చూసిన ఫలితాలు ప్రకటించారు. పదిహేనింటిలో 13 ఏదో ఒక రకంగా విఫలమయ్యాయి. ఒకటి పూర్తిగా చచ్చిపోయింది. మరొకటి తనలోని డేటాలో దాదాపు మూడో వంతును అందకుండా చేసింది. ఆ మరుసటి ఏడాది అదే బృందంలోని కొందరు, మరికొందరితో కలిసి ఎనిమిది పేరున్న డేటాబేస్‌లను కృత్రిమంగా సృష్టించిన కరెంటు కోతలతో పరీక్షిస్తే ఎనిమిదీ ఎక్కడో ఒకచోట తప్పటడుగు వేశాయి. కనుక తప్పంతా డిస్కు కంపెనీల మీదికి నెట్టి డేటాబేస్ తయారీదారులు తప్పించుకోలేరు. 2018లో పోస్ట్‌గ్రెస్ డెవలపర్ క్రెయిగ్ రింగర్ బయటపెట్టిన సంగతి ఇంకా చేదైనది. లినక్స్‌లో ఒక రాత విఫలమై ఎఫ్‌సింక్ తప్పు చూపించాక, పోస్ట్‌గ్రెస్ మళ్లీ ఎఫ్‌సింక్ అడిగితే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నల్ ‘సరే, అయింది’ అనేది. ఆ పేజీ ఏనాడూ డిస్కుకు చేరలేదు. మెమరీలో మాత్రం శుభ్రంగా ఉన్నట్టు గుర్తు పడిపోయింది. పోస్ట్‌గ్రెస్ బృందం 2019 ఫిబ్రవరి విడుదలల్లో దీన్ని సరిచేసింది. ఎఫ్‌సింక్ ఒక్కసారి విఫలమైతే ఇక ఏ జవాబునూ నమ్మకుండా డేటాబేస్ తనను తాను ఆపేసుకుని, లాగ్ నుంచి మళ్లీ కోలుకుంటుంది. సేవ కాసేపు ఆగినా ఫర్వాలేదు, తప్పుడు లెక్క మాత్రం నడవకూడదన్న ఆ నిర్ణయం సరైనది. మిగతావారు నేర్చుకోవాల్సింది కూడా అదే.

‘మాకు యూపీఎస్ ఉంది’ అన్నది ఈ దేశంలో వినిపించే మొట్టమొదటి సమాధానం. 2015 ఆగస్టులో బెల్జియంలో గూగుల్ డేటా సెంటర్‌కు కరెంటు ఇచ్చే గ్రిడ్ మీద నాలుగు పిడుగులు పడ్డాయి. బ్యాటరీలు, ప్రత్యామ్నాయ సరఫరా అన్నీ ఆ సంస్థకు ఉన్నాయి. అయినా కరెంటు పదేపదే పోయి బ్యాటరీలు హరించుకుపోవడంతో, అప్పుడే రాసిన డేటాలో కొంత శాశ్వతంగా పోయింది. మొత్తం నిల్వలో అది 0.000001 శాతం కన్నా తక్కువ. గూగుల్ ఆ అంకెను బయటపెట్టి, బాధ్యత తనదేనని ఒప్పుకుంది. అంత పెద్ద సంస్థకే తప్పనిది, సందు చివరి డయాగ్నొస్టిక్ సెంటర్ బల్లకింద మూడేళ్లుగా బ్యాటరీ మార్చని యూపీఎస్‌కు తప్పుతుందా? యూపీఎస్ గోడలోంచి వచ్చే కరెంటు పోకుండా చూస్తుంది. సర్వర్ లోపలి పవర్ సప్లయ్ కాలిపోతే, ఎవరో పొరపాటున వైరు లాగితే అది చేయగలిగింది లేదు.

పైగా ఇక్కడ గోడలోంచి వచ్చే కరెంటుకే భరోసా లేదు. 2012 జులైలో ఉత్తర భారత గ్రిడ్లు వరుసగా రెండు రోజులు కుప్పకూలి 60 కోట్లకు పైగా జనం చీకట్లో కూర్చున్నారు. ఆనాడు దక్షిణ గ్రిడ్ విడిగా నడుస్తుండటంతో తెలుగు నేల బయటపడింది. 2013 డిసెంబరు 31న మన గ్రిడ్ కూడా జాతీయ గ్రిడ్‌తో ముడిపడింది, విడిగా ఉన్న ఆ రక్షణ ఇప్పుడు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక ఆ మహానగరం రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపింది. కరెంటు పోదన్న ఊహ మీద లెక్కల పుస్తకాన్ని నిలబెట్టే హక్కు ఈ గడ్డ మీద ఎవరికీ లేదు.

వేగం కావాలనడం తప్పు కాదు. వేగానికి నిజాయతీగల దారులు ఉండగా దొంగదారి పట్టడమే తప్పు. వంద మంది ఒకేసారి కమిట్ అడిగితే వంద లాగ్‌లనూ కలిపి ఒకే రాతగా పంపే గ్రూప్ కమిట్ పద్ధతి డేటాబేస్‌లలో ఎప్పటి నుంచో ఉంది. చుట్టుకు ఒక్క రాతే అయినా అందులో వంద లావాదేవీలు ఇముడుతాయి, సెకనుకు 12,000 దాకా లెక్క తేలుతుంది. ఒక్క అబద్ధం ఆడాల్సిన పని లేదు. పలు డిస్కులను కలిపి నడిపే రెయిడ్ కార్డుల్లో క్యాష్‌కు తోడుగా బ్యాటరీ ఉన్నవి ఉన్నాయి. కరెంటు పోగానే క్యాష్‌ను ఫ్లాష్ మెమరీలోకి దించేవీ ఉన్నాయి. ఆ బ్యాటరీ ముసలిదైతే కార్డు క్యాష్‌ను ఆపేసి సర్వర్ నెమ్మదిస్తుంది. అప్పుడు బ్యాటరీ మార్చాల్సింది పోయి, బ్యాటరీ లేకపోయినా క్యాష్ నడిచేలా సెట్టింగ్ మార్చే వారిని ఉద్యోగం నుంచి తొలగించినా తప్పులేదు. సర్వర్ల కోసం తయారయ్యే మంచి ఎస్‌ఎస్‌డీల్లో కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు పోయాక మిగిలే కొన్ని మిల్లీసెకన్లలోనే లోపలి మెమరీని ఫ్లాష్‌లోకి దించడానికి ఆ శక్తి సరిపోతుంది. కెపాసిటర్లు ఉన్న డ్రైవు ‘రాశాను’ అని వెంటనే చెప్పినా అది నిజమే. వేగం, భద్రత రెండూ ఒకేచోట దొరికే ఈ సరుకుకు ఇంటి వాడకపు ఎస్‌ఎస్‌డీ కన్నా ఎక్కువ ధర పెట్టాలి. ఆ తేడా ఒక్క రోజు చెడిపోయిన లెక్కలను మనుషులతో తిరిగి కట్టించే ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

ఇక తీర్పు. ఎఫ్‌సింక్‌కు, ఫ్లష్ ఆదేశానికి రాయకుండానే రాశానని జవాబిచ్చే డిస్కు, కంట్రోలర్, వర్చువల్ యంత్రం ఏదైనా సరే, లోపభూయిష్ఠమైన సరుకు. అలాంటిదాన్ని సర్వర్ పేరుతో అమ్మడం మోసం. వినియోగదారుల చట్టం కింద దాన్ని అలాగే చూడాలి. డేటాబేస్‌లో ఎఫ్‌సింక్‌ను ఆపేసి గానీ, మైసీక్వెల్ డేటాబేస్‌లో ప్రతి కమిట్‌కూ లాగ్‌ను డిస్కుకు పంపకుండా లాగ్ ఫ్లష్ విలువను 1 నుంచి 0కో 2కో మార్చి గానీ, సేవ వేగంగా నడుస్తోందని చెప్పుకొనే సంస్థ ఆ సంగతిని రాతపూర్వకంగా డేటా యజమానికి తెలియజేయాలి. ఏ లావాదేవీ పోయినా ఫర్వాలేదో, ఏది పోకూడదో నిర్ణయించే అధికారం దాని మీద ఆధారపడ్డవారిది. సిస్టమ్ అడ్మిన్‌ది కాదు, సరుకు అమ్మినవాడిదీ కాదు.

ఈ విషయంలో రాష్ట్ర ప్రభుత్వాలు ముందుండాలి. రైతు భూమి హక్కు ఇవాళ కాగితం పుస్తకంలో కన్నా కంప్యూటర్ పట్టికలోనే ఎక్కువగా నిలబడి ఉంది. నాడు ధరణి, నేడు భూభారతి, మీసేవ, రేషన్, ఆరోగ్యశ్రీ, పింఛన్లు, అన్నీ కమిట్ అయ్యాయని చెప్పే యంత్రాల మాట మీదే నడుస్తున్నాయి. వాటి టెండర్లలో ప్రాసెసర్ ఎంత, మెమరీ ఎంత అన్నవి వరుసగా రాస్తారు. కరెంటు పోయినా నిలబడే డ్రైవులు కావాలని ఒక వాక్యం చేర్చడానికి చట్టం మార్చనక్కర్లేదు, మంత్రివర్గం కూర్చోనక్కర్లేదు. ఐటీ శాఖ కార్యదర్శి ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. కొత్త సర్వర్ అప్పగించే రోజున, లోడు నడుస్తుండగా, కొనుగోలుదారు ప్రతినిధి తన చేత్తో ప్లగ్గు పీకాలి. లేచాక సాక్షి యంత్రం జాబితాతో ప్రతి రాతనూ పోల్చాలి. ఒక్కటి తగ్గినా సరుకు వెనక్కి పంపాలి, బిల్లు ఆపాలి. ఇప్పటికే నడుస్తున్న సర్వర్లకూ వచ్చే వేసవి కోతలు మొదలయ్యేలోపే ఈ పరీక్ష పూర్తి చేసి, ఫలితాలను శాఖల వారీగా ప్రజల ముందు పెట్టాలి.